గాజుల చప్పుడుకు తిరిగిన మోటారు

కాలిన వార్నిష్ వాసన తగిలితే ఇప్పటికీ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటాను. మొన్న మా అపార్టుమెంటు నీళ్ల మోటారు కాలిపోతే, వాచ్‌మన్‌ను వెంటబెట్టుకుని అఫ్జల్‌గంజ్ సందుల్లో ఒక రీవైండింగు దుకాణానికి వెళ్లాను. గుమ్మం దాకా రాగి తీగల చుట్టలు, నల్లగా మాడిన పాత వైండింగులు, ఇనుప పొడి కలిసిన మురుగునీళ్లు, వీటన్నిటి మీదా ఆ వాసన. దుకాణాయన గడ్డానికి మెహందీ పెట్టుకున్న నెమ్మదైన మనిషి. అప్పుడే ఎవరో పిండి గిర్నీ అతనికి, టిఫిన్ డబ్బా అంత ఉన్న ఒక ఎలక్ట్రానిక్ పెట్టెను చూపిస్తున్నాడు. ఒకవైపు నుంచి ఇంటి కరెంటు లోపలికి పోతుందట, రెండోవైపు నుంచి మూడు ఫేజులై బయటికి వస్తుందట, ఎంత పాత మూడు ఫేజుల మోటారైనా దీని మీద తిరగాల్సిందేనట. దానికి తగిలించి ఉన్న ఒక పెద్ద మోటారును చూపించి, చూడండి అంటూ ఆయన బటన్ మీద వేలు పెట్టాడు. అప్పుడు నా నోట్లోంచి, నేను పిలవకుండానే, ఒక మాట గట్టిగా బయటపడింది.

"చెయ్యి తీసినవా?"

ఆయన ఉలిక్కిపడి వేలు వెనక్కి లాక్కున్నాడు. మోటారు వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "హాత్ కా క్యా కామ్ ఆపా ఇస్మే?" అని నవ్వాడు. దీంట్లో చేతికేం పని అక్కా అని. నిజమే, ఏ పనీ లేదు. నేనూ నవ్వేసి ఊరుకున్నాను గానీ, పెట్టె మీద పచ్చలైటు వెలిగి, అంత పెద్ద మోటారు చప్పుడైనా లేకుండా తిరగడం మొదలుపెట్టేసరికి, వాచ్‌మన్‌ను అక్కడే వదిలి బయటికొచ్చేశాను.

మా ఇల్లు హుస్సేనీ ఆలంలో, రెండు సైకిళ్లు ఎదురైతే ఒకటి ఆగాల్సినంత ఇరుకు గల్లీలో ఉండేది. తాత కట్టించిన డంగుసున్నం ఇల్లు. ముందు భాగం మా పెద్దబాపుది, అంటే మా బాపు వాళ్ల అన్నది. వెనక భాగం మాది. నడుమ వాకిలి ఇద్దరిదీ అని పేరుకు అనుకునేవాళ్లం గానీ, అక్కడ మంచం వేయాలన్నా తీయాలన్నా పెద్దబాపు చెప్పాలి. పెద్దబాపుకు బట్టల దుకాణం ఉండేది. పొద్దున్నే ఇస్త్రీ లాల్చీ వేసుకుని, ముందు గదిలో కుర్చీలో కూర్చుని, ఉర్దూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి, ఇరానీ చాయ్ తెప్పించుకుని, ఉస్మానియా బిస్కెట్టు ముంచుకుని తిని, సగం బిస్కెట్టు నాకు పెట్టి, అప్పుడు దుకాణానికి కదిలేవాడు. నేనంటే ఆయనకు ఎంత ప్రేమో గల్లీ అంతా చెప్పుకునేది. ఆ ప్రేమ అబద్ధం కాదు. దాన్ని తలుచుకుంటేనే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది.

మా బాపు ఒక ఫ్యాక్టరీలో టర్నర్‌గా చేసేవాడు. అది మూతపడి, పాత సామాను అమ్మేసినప్పుడు, తను అన్నేళ్లు నిలబడి పనిచేసిన లేత్ మిషన్‌నే కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్నాడు. లేత్‌ను మా గల్లీలో ఖరాదు అనేవాళ్లు. బండి గల్లీలోకి రాకపోతే, నేల మీద ఇనుప పైపులు పరిచి, వాటి మీద మిషన్‌ను దొర్లించుకుంటూ, హిందువులూ ముసల్మానులూ అని లేకుండా గల్లీ మగవాళ్లంతా చెమటలు కక్కుతూ వెనక రేకుల షెడ్డు దాకా చేర్చారు. అమ్మ అందరికీ చాయ్ పోసి, ఖరాదుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసింది.

ఆ షెడ్డు వాసనలతోనే నాకు ఋతువులు తెలిసేవి. ఎండలు ముదరకముందే చెరుకు రసం బండ్లవాళ్లు అరిగిపోయిన రోలర్లు భుజాన వేసుకుని వచ్చేవాళ్లు, వాటి గాడుల్లో పోయినేటి పిప్పి ఎండిపోయి ఉండేది, బాపు గీకుతుంటే పులిసిన తీపి వాసన షెడ్డంతా కమ్ముకునేది. రంజాన్ నెల దగ్గర పడితే సేమ్యాలు వత్తే మిషన్లు వచ్చేవి. వాటి ఇత్తడి పళ్లేలను బాపు ఖరాదుకు బిగిస్తే, బంగారు రంగు పొట్టు చుట్టలు చుట్టలుగా రాలేది, మేము ఆడపిల్లలం ఆ చుట్టల్ని ఏరుకుని చెవులకు తగిలించుకుని జుంకాలని తిరిగేవాళ్లం. ఉక్కు పొట్టు మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు, వేళ్లు తెగుతాయని. పండగ నాడు ఆ మిషన్ల సేమ్యాలే షీర్ ఖుర్మా అయి, పక్కింటి రజియా ఖాలా చేతి గిన్నెలో మా ఇంటికి తిరిగి వచ్చేవి. పతంగుల కాలంలో మాంజా చుట్టే చర్ఖీల ఇరుసులు, వానాకాలంలో రేకుల సందుల్లోంచి కారే నీళ్లకింద అమ్మ పెట్టిన గిన్నెల టపటప, దసరాకు బంతిపూల దండ వేసుకుని ఆ ఒక్కరోజూ కదలకుండా కూర్చున్న ఖరాదు. ఇంత వరకూ చెప్పి ఆపేస్తే ఎంత ముచ్చటైన బాల్యం అంటారు. ఇట్లాంటివి చదివి కళ్లు తుడుచుకునేవాళ్లను చూస్తే నాకు కోపమొస్తుంది, ఎందుకంటే ఆ ఖరాదు తిరగడానికి ఏం కావలసి వచ్చిందో వాళ్లకు ఎవరూ చెప్పరు.

ఖరాదు మోటారు మూడు ఫేజులది. మా ఇంటికి ఉన్నది ఒక్కటే ఫేజు. ఆ మోటారుకు ఇంటి కరెంటు ఇస్తే అది తిరగదు, కదలకుండా గుర్రుమని మూలుగుతూ వేడెక్కిపోతుంది, ఇంకాసేపు ఉంచితే కాలిపోతుంది. ఫ్యాక్టరీలో నేర్చుకున్న ఉపాయంతో బాపు దాని పక్కన ఇంకో పాత మూడు ఫేజుల మోటారును బిగించాడు. దానికి బెల్టు లేదు, పని లేదు, ఉత్తగా తిరగడమే. కానీ ఒకసారి అది తిరగడం అందుకుందంటే, మనకు లేని ఆ మిగతా కరెంటును అదే పుట్టించి ఖరాదుకు అందిస్తుంది. చిక్కల్లా దాన్ని మొదట కదిలించడంలోనే. కప్పీకి తాడు చుట్టి, ఒక్క గుంజు గుంజి తిప్పాలి. అది తిరుగుతున్న ఆ క్షణంలోనే ఇంకొకరు స్విచ్చు వేయాలి. ముందూ వేయకూడదు, వెనకా వేయకూడదు.

తాడు గుంజే పని అమ్మది. నైలాన్ తాడు జారుతుందని, తన పాత నూలు చీరల అంచులు చింపి, జడలాగా అల్లి ఆ తాడు తనే చేసుకుంది. స్విచ్చు బాపుది, ఎందుకంటే మోటారు అందుకుందా లేదా అన్నది దాని చప్పుడుతో ఆయనకే తెలుస్తుంది, అందుకోకపోతే వెంటనే స్విచ్చు కట్టేయాలి. అమ్మకు కరెంటంటే భయం కూడా. ఇద్దరూ ఒకే చోట నిలబడి ఉంటే ఈ కథే ఉండేది కాదు. షెడ్డు వెనక వైపే ఉన్నా, దాని గోడ మాత్రం పెద్దబాపు వాటాలోకి పోయింది. దాని మీద స్విచ్చుబోర్డు కొట్టడానికి ఆయన ఒప్పుకోలేదు, సున్నం రాలుతుందన్నాడు. అందుకని బోర్డు మా గదిలో పడింది. స్విచ్చు దగ్గరున్న బాపుకు అమ్మ కనపడదు, మోటారు దగ్గరున్న అమ్మకు బాపు కనపడడు, నడుమ మందపాటి గోడ.

గుంజేటప్పుడు అరిచి చెప్పు అన్నాడు బాపు. మొదటి నాలుగు రోజులూ అమ్మ "ఆఁ" అని అరిచింది. నాలుగోనాడు పెద్దబాపు పేపరు మడిచి పక్కన పెట్టి, బాపును ముందు గదికి పిలిపించాడు.

"ఏంది నర్సింగ్ గిది? తమ్ముని పెండ్లాం గొంతు గల్లీ దాక ఇనవడుతుంది."

మా ఇళ్లలో తమ్ముడి భార్య బావగారి ఎదుట తిరగదు, కొంగు తల మీది నుంచి జారనివ్వదు, ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ గొంతెత్తదు. అమ్మ పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆయనతో నేరుగా ఒక్క మాట మాట్లాడి ఎరగదు. బాపు తల వంచుకుని వెనక్కి వచ్చాడు, ఆ రోజుతో అమ్మ అరవడం ఆగిపోయింది. బదులుగా ఇద్దరూ ఒక పద్ధతి కనిపెట్టుకున్నారు. కప్పీకి తాడు చుట్టేటప్పుడు అమ్మ తన గాజుల్ని మోచేతి దాకా పైకి నెట్టి బిగబట్టేది, అప్పుడు చప్పుడు ఉండదు. గుంజినప్పుడు ఆ ఊపుకు గాజులన్నీ ఒక్కసారిగా మణికట్టు దాకా జారి గల్లుమనేవి. గోడ అవతల ఊపిరి బిగబట్టి నిలబడ్డ బాపు ఆ గల్లుమనే చప్పుడుకు స్విచ్చు వేసేవాడు. మోటారు అందుకునేది. నేను బడికి పోయే ముందు రోజూ ఇది జరిగేది. అమ్మ గాజులతో మోటారు తిప్పుతుందని స్నేహితురాళ్లకు గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా. ఏళ్ల తరబడి ఒక్కసారీ తప్పలేదు, అందుకే ఇంకో పద్ధతి కావాలని ఎవరికీ తోచలేదు.

తోచాల్సింది మూడు ఫేజుల మీటరు పెట్టించుకోవడం. తీగలు గల్లీ మొదట్లో స్తంభం దాకా ఉండనే ఉన్నాయి. ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది కాబట్టి పెద్దబాపు ఒప్పుకున్నానని ఒక సంతకం పెట్టాలి, అంతే. బాపు ప్రతి దసరాకూ ఖరాదు పూజ అయ్యాక ఆ మాట ఎత్తేవాడు. చూద్దాం లే అనేవాడు పెద్దబాపు. ఒక ఏడు మాత్రం, బహుశా బాపు కొంచెం గట్టిగా అడిగాడేమో, ఆయన కడుపులో ఉన్నది బయటికి కక్కేశాడు.

"మూడు ఫేజులొస్తే గది కార్ఖానా అయితది. కార్ఖానా అయినంక జాగంత నాదే అంటవు. నాకు ఎర్కలేదా?"

బాపు ముఖం నాకు ఇప్పటికీ గుర్తే. అన్నకు ఎదురు చెప్పడం ఆయనకు రాదు, నేర్పలేదు ఎవరూ. "అట్లెందుకంట అన్నా" అని మాత్రం అని, జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కాడు. నాకు పెద్దబాపు మీద ఎంత కోపమో, ఆ మొక్కిన బాపు మీదా అంతే కోపం. అన్నదమ్ములు కలిసి బతికిన ఇల్లు, ఒక్క మాట మీద నడిచిన ఇల్లు అని బంధువులు ఇప్పటికీ మెచ్చుకుంటుంటారు. ఆ ఒక్క మాట ఎవరిదో, దాన్ని మోసింది ఎవరో వాళ్లకు అక్కర్లేదు.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పటి ఆషాఢం అది. మా వైపు బోనాలంటే ఇల్లంతా వేపాకు, పసుపు, బెల్లమన్నం, తడిసిన సున్నం వాసనలు, గల్లీ కొస నుంచి డప్పులు, పోతరాజు కొరడా దెబ్బకు పరుగెత్తే పిల్లలు. పండక్కి ఇంటి ఆడవాళ్లందరికీ గాజులు పెట్టించడం పెద్దబాపు పట్టింపు. ముందురోజు రజియా ఖాలా గాజుల పెట్టెతో వచ్చి వాకిట్లో కూర్చుంది. ఆమె గాజులు తొడిగితే నొప్పి తెలిసేది కాదు, వేళ్లు ఒత్తుతూ, ఏవో కబుర్లు చెబుతూ ఎక్కించేసేది. అమ్మ చేతులు సన్నం, చిన్న సైజు కావాలని ఖాలాయే అంది. మా పెద్దమ్మ మాత్రం అప్పటికే అందరికీ ఒకే సైజువి ఏరి పెట్టింది, మళ్లీ వేరేవి ఎందుకంది. అమ్మ అవే తొడగమని చేతులు చాపింది. చేతుల నిండా ఎర్రవీ పచ్చవీ కలిపి వేయించుకుని, అవి ఎంత పైకి నెట్టినా నిలవక కిందికి జారిపోతుంటే, నాకు చూపించి నవ్వింది.

పండగ నాడు ఖరాదు తిప్పరు. కానీ ఆ పొద్దున, అమ్మవారికి నైవేద్యాలు ఊరేగించే మా బస్తీ ఫలహారం బండి ఇరుసు విరిగింది. బస్తీ పెద్దల్లో పెద్దబాపు ఒకడు. ఇద్దరు మనుషుల చేత విరిగిన ఇరుసు మోయించుకుని వాకిట్లోకి వచ్చి, మధ్యాహ్నానికల్లా కొత్తది చేసి పెట్టమన్నాడు. పండగ పూట మిషన్ ఎట్ల అన్నా అని బాపు నసిగాడు. అమ్మవారి పనికి పండగేంది అన్నాడు పెద్దబాపు. అమ్మ పొయ్యి మీది బోనం అన్నం దించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుని షెడ్డులోకి వెళ్లింది. బాపు గదిలోకి, స్విచ్చు దగ్గరికి వెళ్లాడు. పెద్దబాపు, ఆ ఇద్దరు మనుషులు వాకిట్లో నిలబడి ఉన్నారు. నేను గడపకు వేపమండలు కడుతున్నాను.

గల్లీలో డప్పుల మోత. ఆ మోతలో గాజుల చప్పుడు ఎక్కడ వినపడకుండా పోతుందోనని బాపు గోడకు చెవి ఆనించి ఉంటాడు. లోపల అమ్మ ఒక చేత తాడు పట్టుకుని, ఇంకో చేత కప్పీని గట్టిగా తిప్పుతూ తాడు చుట్టుకుంటోంది. అప్పుడే ఆ వదులు గాజులు మోచేయి దగ్గర నిలవక జారి గల్లుమన్నాయి. బాపు స్విచ్చు వేశాడు. ఆ మోటారుకు తనదంటూ ఒక దిక్కు లేదు, ఏ దిక్కుగా కదులుతుంటే ఆ దిక్కుకే పరుగందుకుంటుంది. తాడు విప్పే దిక్కుకు కాకుండా చుట్టే దిక్కుకు అందుకుంది. తాడుతో పాటు అమ్మ కుడిచేతిని లాక్కుపోయింది.

నాకు వినపడింది గాజులు పగిలిన చప్పుడు ఒక్కటే. అమ్మ అరవలేదు. మోటారు గొంతు మారిందని బాపే గుర్తుపట్టి స్విచ్చు తీసేసి పరుగెత్తాడు. వెనకే నేను వెళ్లేసరికి అమ్మ నేల మీద కూర్చుని ఉంది, ఎడమ చేత్తో చీర కొంగు నోట్లో కుక్కుకుని. వాకిట్లో బావగారు ఉన్నారని. నడిమి వేళ్లు మూడూ నలిగిపోయి, పగిలిన గాజు ముక్కలు మణికట్టులో దిగి ఉంటే, ఆ మనిషికి ఆ క్షణంలో గుర్తున్నది అది. ఆ కొంగు లాగి అరువమ్మా అరువు అని బాపు ఏడ్చాడు. అప్పుడు కూడా అరవలేదు.

రజియా ఖాలా ఆటో పిలిచి, తన దుపట్టా చించి చేతికి చుట్టి, ఆస్పత్రి దాకా అమ్మను ఒళ్లో పెట్టుకుంది. మూడు వేళ్లూ తీసేశారు. పెద్దబాపు రోజూ బత్తాయిలు పట్టుకుని వచ్చి, గది బయట నిలబడి, ఎట్లున్నదని బాపును అడిగి వెళ్లేవాడు. ఫలహారం బండిని ఆ సాయంత్రం ఎక్కడో వెల్డింగు చేయించారట, ఊరేగింపు ఆగలేదు. అమ్మ ఇంటికి రాకముందే పెద్దబాపు తనంతట తనే కాగితాలు తెప్పించి సంతకం పెట్టాడు. అన్నేళ్లు రానిది ఆ నెల దాటకుండానే వచ్చింది, స్తంభం నుంచి మూడు తీగలు, షెడ్డు గోడకు బోర్డు, దాని మీద ఒక పచ్చ బటన్.

ఉత్తగా తిరిగే పాత మోటారును బాపు పాత సామాను వాడికి ఇచ్చేశాడు. తాడు మాత్రం ఏం చేశాడో తెలియదు. ఆ తర్వాత ఖరాదు దగ్గర ఆయనకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. కానీ పచ్చ బటన్ నొక్కే ముందు ప్రతిసారీ ఆగి, ఖాళీ షెడ్డులో గట్టిగా అడిగేవాడు, చెయ్యి తీసినవా అని. తర్వాత తర్వాత ఇంట్లో ఫ్యాను వేసేముందు, రేడియో పెట్టేముందు, చివరికి మంచం పట్టిన రోజుల్లో ఎవరైనా లైటు వేయబోతే కూడా అదే అడిగేవాడు. పెద్దబాపు ముందు గదిలో కూర్చుని ఉన్నా సరే, గొంతు తగ్గించేవాడు కాదు. ఆ గొంతు కొన్నేళ్ల ముందు లేవాల్సింది.

అమ్మ కుడిచేతికి మళ్లీ గాజులు వేసుకోలేదు. ముత్తైదువకు ఒట్టి చెయ్యేందని పెద్దమ్మ సణిగితే, ఎడమ చేతికి రెండు వేసుకుని ఊరుకుంది. ఇప్పుడు ఆ రెండూ లేవు, బాపు పోయాక తీసేశారు. తీసిందీ పెద్దమ్మే.

పెద్దబాపు కూడా పోయాడు. ఇల్లు కూలగొట్టి ఆయన కొడుకులు దుకాణాల సముదాయం కట్టారు, మా వాటా మాకు సరిగ్గానే ఇచ్చారు, ఆ విషయంలో ఎవరినీ ఏమనడానికి లేదు. కిందటి నెల అటు వెళ్లినప్పుడు చూశాను. షెడ్డు గోడ ఉన్నచోట ఇప్పుడు ఇంకో గోడ, దాని నిండా మూడు ఫేజుల మీటర్లు వరసగా ఉన్నాయి, వాటి ఎర్ర దీపాలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఖరాదు లేదు, సేమ్యాల మిషన్లు ఎక్కడ బాగు చేయించుకుంటున్నారో తెలియదు, గాజుల పెట్టెతో ఇళ్లకు వచ్చే ఖాలాలు లేరు. గల్లీ మొదట్లో ఉన్న ఇరానీ హోటల్ సెల్‌ఫోన్ల దుకాణమైంది. తమ్ముడి పెళ్లాం గొంతు వినపడకూడదనే మనుషులు కూడా లేరు, ఆ ఒక్కటి పోయినందుకు మాత్రం నాకు బాధ లేదు.

అఫ్జల్‌గంజ్ నుంచి కార్వాన్‌లో మా ఇంటికి వచ్చేసరికి అమ్మ వంటగదిలో పీట మీద కూర్చుని, మిగిలిన రెండు వేళ్లతో చింతపండు ఈనెలు తీస్తోంది. దగ్గరికి వెళ్లగానే నా చీర వాసన చూసి, మోటరు కాలిందా అని అడిగింది. అవునని, అక్కడ చూసిన పెట్టె సంగతి చెప్పాను. ఇంత డబ్బా అని, ఇంట్లో కరెంటే చాలునని, తాడు లేదు, ఇంకో మోటారు లేదు, ఒక్కరే నిలబడి బటన్ నొక్కితే ఖరాదు తిరుగుతుందని. అమ్మ చింతపండు పక్కన పెట్టి, ఒక్కొక్క మాటా ఆగి ఆగి విన్నది. తర్వాత తల మీది కొంగు వెనక్కి నెట్టి, పక్క ఫ్లాటు వాళ్లకు కూడా వినపడేంత గట్టిగా అడిగింది.

"దానికి మీ పెద్దబాపు సంతకం అక్కర్లేదా?"

అక్కర్లేదని చెప్పాను.